రోచెస్టర్‌లో ఏడంగుళాల ఆటపెట్టె

అమెరికా వెళ్ళొచ్చామంటే చాలు, "నయాగరా చూశారా?" అని అడుగుతారు అందరూ. చూశాను. చూసి తీరవలసిందే, కాదనను. కానీ నయాగరాకి గంటన్నర కారు ప్రయాణం దూరంలో రోచెస్టర్ అని ఒక ఊరుంది. మా చెల్లెలి కాపురం అక్కడే. ఆ ఊరు గురించి, అక్కడి ఆటల మ్యూజియం గురించి, అది చూసొచ్చాక మా చెల్లెలింట్లో తయారైన ఒక సన్నపాటి పెట్టె గురించి చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఇల్లు చిన్నది, సామాను పెద్దది అని రోజూ తల పట్టుకునే అక్కచెల్లెళ్ళకి ఇందులో పనికొచ్చే మాట ఒకటి రెండైనా దొరుకుతాయని నా ఆశ.

ఊరి ముచ్చట

రోచెస్టర్ న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉంది కానీ మనం సినిమాల్లో చూసే న్యూయార్క్ నగరానికి చాలా దూరం. ఊరి మధ్యలోంచి జెనెసీ నది పారుతుంది. బజారు నడిబొడ్డునే జలపాతం! పైన అంటారియో అనే పెద్ద సరస్సు. చలికాలం మంచు మోకాళ్ళ దాకా పడుతుందట. నేను వెళ్ళింది మే నెలలో. అప్పుడు హైలాండ్ పార్కు నిండా లైలాక్ పువ్వులు. లేత ఊదా రంగు గుత్తులు, వాసన మన సంపెంగంత ఘాటుగా కాదు గానీ గాలి వీస్తే వీధి చివరి దాకా తెలుస్తుంది.

కొడాక్ కెమెరా పుట్టిల్లు ఈ ఊరే. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అనే ఆయన మామూలు మనిషి కూడా ఫొటో తీసుకునే కెమెరా తెచ్చింది ఇక్కడే. మన పెళ్ళి ఆల్బమ్‌లన్నిటికీ ఈ ఊరితో ఎంతో కొంత బంధుత్వం ఉన్నట్టే! ఆడవాళ్ళు ఓటు హక్కు కోసం పోరాడిన రోజుల్లో, 1872లో, సూసన్ బి. ఆంథొనీ ధైర్యంగా వెళ్ళి ఓటు వేసి అరెస్టయిందీ ఈ ఊళ్ళోనే. ఆవిడ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అమెరికాలో ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇస్తూ రాజ్యాంగ సవరణ వచ్చింది 1920లో. అప్పటికి ఆవిడ పోయి 14 ఏళ్ళు!

చిన్న సంచీలోంచి పుట్టిన మ్యూజియం

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఊళ్ళో ఆటలకంటూ ఒక మ్యూజియం ఉంది. పేరు స్ట్రాంగ్ మ్యూజియం. మార్గరెట్ వుడ్‌బరీ స్ట్రాంగ్ అనే ఆవిడ పేరున వచ్చింది. 1897లో పుట్టారు. కలవారి బిడ్డ, ఒక్కతే కూతురు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో దేశాలన్నీ తిరుగుతుంటే, ఆవిడ చేతికి ఒక చిన్న సంచీ ఇచ్చేవారట. దారిలో ఏం కొనుక్కున్నా అందులో పట్టాలన్నమాట. అందుకే చిన్న చిన్న వస్తువులంటే తనకు ఇష్టం పెరిగిందని ఆవిడే చెప్పుకున్నారు. పెద్దయ్యాక బొమ్మలు, బొమ్మరిళ్ళు వేల కొద్దీ పోగేశారు. 1969లో ఆవిడ పోయాక ఆ సేకరణతో, ఆ ఆస్తితో మ్యూజియం తయారై 1982లో తెరిచారు.

ఇప్పుడది బొమ్మలతో ఆగలేదు. సీతాకోకచిలుకల తోట ఉంది, రంగులరాట్నం ఉంది, వీడియో గేమ్‌ల చరిత్రంతా ఉంది. 2023లో కొత్త భాగం కట్టి, అందులో దాదాపు 20 అడుగుల ఎత్తున డాంకీ కాంగ్ ఆట పెట్టారు. తల పైకెత్తి ఆడాలి! నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. గొప్ప ఆటవస్తువులకి అక్కడ ఒక గౌరవ స్థానం ఇస్తారు. అందులో 2005లో అట్టపెట్టెకి, 2008లో కర్రపుల్లకి చోటిచ్చారు. మన పిల్లలు ఖరీదైన బొమ్మ పక్కన పడేసి, అది వచ్చిన అట్టపెట్టెలో కూర్చుని ఆడుకోవడం చూడని తల్లి ఉందా చెప్పండి! ఆ అట్టపెట్టె తర్వాత మా ఇంటి కథలో కూడా వస్తుంది.

మేం టేపు పట్టుకుని ఎందుకు వెళ్ళామంటే

మామూలుగా మ్యూజియంకి కెమెరా తీసుకెళ్తారు. మేం కొలతల టేపు కూడా తీసుకెళ్ళాం. మా మరిదికి చాలాకాలంగా ఒక కోరిక. పాతకాలపు వీడియో గేమ్ షాపుల్లో నిలబడి ఆడే పెట్టె ఉంటుందే, అలాంటిది ఇంట్లో తనే చేసుకోవాలని. మా చెల్లెలికి అది ససేమిరా ఇష్టంలేదు. కారణం రెండు. ఒకటి, వాళ్ళది మూడంతస్తుల సన్నటి ఇల్లు. కింద నడవా వెడల్పు 4 అడుగులే. రెండోది అసలైనది. "ఇంట్లో ముగ్గురం. ముగ్గురికీ మూడు స్క్రీన్లు. ఇప్పుడు నాలుగోది కూడానా అక్కా?" అంది.

దాని బాధ నేను కళ్ళారా చూశాను. కొడుక్కి 14 ఏళ్ళు. బడి నుంచి రాగానే మేడమీద గదిలోకి పోయి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అన్నానికి మూడుసార్లు పిలవాలి. తండ్రి ఏడింటికొచ్చి ల్యాప్‌టాప్ తెరుస్తాడు. గొడవలేం లేవు. మాటలూ లేవు. గొడవ పడితేనన్నా నయమేమో అనిపించే ఇల్లు అది.

మరిది వాదన ఇంకో రకం. "వదినగారూ, అది గదిలోకి పట్టుకుపోయే స్క్రీన్ కాదు. నడవాలో నిలబడి ఆడాలి. పక్కన ఇంకొకళ్ళు నిలబడితేనే బావుంటుంది" అన్నాడు. ఇద్దరిదీ సబబుగానే తోచింది. సరే, ముందు అసలు పెట్టె ఎంతుంటుందో చూద్దాం పదండని అందరం బయలుదేరాం.

పెట్టెకి అంత పొట్ట ఎందుకు?

అక్కడ పాక్‌మాన్ పెట్టె పక్కన నిలబడి కొలిచాం. ఎత్తు 6 అడుగులకి కాస్త తక్కువ. వెడల్పు రెండడుగుల పైచిలుకు. ముందు నుంచి వెనక్కి మాత్రం సుమారు 33 అంగుళాలు! మన బట్టల బీరువా కూడా అంత లోతుండదు. బరువు వంద కిలోల దాకా ఉంటుంది.

ఎందుకంత అంటే, లోపల ఉన్నది పాత టీవీ గొట్టం. వెనక మెడలోంచి వచ్చే కిరణం అద్దం నాలుగు మూలలకీ వంగి చేరాలంటే అంత దూరం కావాలి. అద్దం పెద్దదయ్యేకొద్దీ వెనక మెడ కూడా పొడవవుతుంది. మన ఇళ్ళలో పాత కలర్ టీవీలు గోడకి దూరంగా, స్టాండు నిండా కూర్చునేవి గుర్తుందా? అదే కారణం. ఇప్పటి పలక స్క్రీన్‌కి ఆ మెడ లేదు. స్టాండు తీసేస్తే రెండంగుళాల మందం. అంటే ఆ పొట్ట అవసరం ఎప్పుడో తీరిపోయింది. అయినా కొత్తగా పెట్టెలు చేసుకునేవాళ్ళు చాలామంది పాత ఆకారం మీద మోజుతో ఖాళీ పొట్టతోనే చేస్తారని మా మరిది చెప్పాడు.

కొలతలు రాసుకుంటుండగా మా అబ్బాయి, "పెద్దమ్మా, నువ్వూ ఆడు" అని చేతిలో టోకెన్ పెట్టాడు. నా చిన్నతనంలో మా ఊళ్ళోనూ వీడియో గేమ్ షాపుండేది. రూపాయి బిళ్ళ వేస్తే ఆట. గుమ్మానికి కర్టెన్, లోపలంతా మగపిల్లలు. మేం ఆడపిల్లలం ఆ చప్పుళ్ళు వింటూ ట్యూషన్‌కి వెళ్ళిపోయేవాళ్ళం. తొంగి చూసే ధైర్యం కూడా ఉండేది కాదు. అలాంటిది 46 ఏళ్ళకి మొదటిసారి ఆ కర్ర పట్టుకున్నాను.

తమాషా ఏమిటంటే, ఆ పాక్‌మాన్ పుట్టిందే ఆడవాళ్ళ కోసం. 1980లో జపాన్‌లో నామ్‌కో కంపెనీలో తోరు ఇవతాని అనే ఆయన తయారు చేశాడు. అప్పట్లో గేమ్ షాపులన్నీ మగవాళ్ళవి, ఆటలన్నీ కాల్పులవి. ఆడవాళ్ళు, జంటలు కూడా రావాలంటే ఏం చెయ్యాలని ఆలోచించి, కాల్చడం బదులు తినడం పెట్టాడు. దయ్యాల్ని కూడా భయం వెయ్యకుండా ముద్దొచ్చే రంగుల్లో చేశాడు. ఇంకో ఆట ఉంది, సెంటిపీడ్ అని. జెర్రి ఆట అన్నమాట. అటారీ కంపెనీలో దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు డోనా బెయిలీ అనే మహిళ. ఆ కర్టెన్ వెనక మనకోసం కూడా ఒక ఆట ఉండేదని ఇన్నేళ్ళకి తెలిసింది. నా ఆట ఒక నిమిషంలో అయిపోయిందనుకోండి!

అటు తిరిగి చూస్తే తండ్రీకొడుకులు ఒకే పెట్టె ముందు భుజం భుజం రాసుకుంటూ నిలబడి, "అటు కాదు నాన్నా, ఇటు!" అని అరుచుకుంటున్నారు. మా చెల్లెలు చూసింది. ఏమీ అనలేదు. ఇంటికొచ్చే దారిలో మాత్రం, "నడవాలో చెప్పుల స్టాండు పైన గోడ ఖాళీగానే ఉంది. ఏడంగుళాలు దాటితే ఒప్పుకోను" అంది.

ఏడంగుళాల్లో ఎలా ఇమిడింది?

ఏడంగుళాలెందుకంటే, దాని చెప్పుల స్టాండు లోతు అంత. లాండ్రీ బుట్ట నడుముకి పెట్టుకుని రోజూ ఆ నడవాలోంచే నడుస్తుంది. స్టాండు కన్నా ముందుకొచ్చిన ఏ వస్తువైనా తుంటికి తగులుతుంది. కాగితం మీద గీసే మగవాళ్ళకి ఈ తుంటి లెక్క తెలీదు!

స్క్రీన్ రెండంగుళాలే కదా, సులువే అనుకున్నాం. చిక్కంతా చేతుల దగ్గరొచ్చింది. కర్రలు, బటన్లు బిగించే బల్ల కనీసం పదంగుళాలు ముందుకి ఉంటేనే మణికట్టు ఆనించుకోవడానికి వీలు. దాన్ని తగ్గిస్తే చేతులు నొప్పి. తగ్గించకపోతే తుంటి నొప్పి. రెండు రోజులు ఇదే పంచాయితీ.

దారి చూపించింది మా చెల్లెలే. వాళ్ళింట్లో గోడకి మడిచే ఇస్త్రీ బల్ల ఉంది. "ఇది మడుస్తున్నాం కదండీ, అదెందుకు మడవకూడదు?" అంది. అంతే! ఆడనప్పుడు బల్లని పైకి మడిచి మూసెయ్యడం, కర్రలు లోపలివైపు ఉండడం. కర్ర రెండున్నర అంగుళాలు, బల్ల, దాని అడుగున ఉండే సామాను కలిపి ఇంకో రెండున్నర, వెనక ప్లైవుడ్ అరంగుళం. మొత్తం అయిదున్నర. కదలడానికి కాస్త సందు వదిలితే ఏడులో హాయిగా సరిపోయింది.

మరి మడిచిన బల్ల స్క్రీన్‌కి అడ్డం రాదా? రాదు. పాత పెట్టెల్లో స్క్రీన్ వెనక్కి వాలి ఉంటుంది, మనం కిందికి చూస్తాం. 15 అంగుళాల స్క్రీన్‌ని కొద్దిగా వాల్చినా రెండున్నర అంగుళాల లోతు తినేస్తుంది. మనకంత చోటు లేదు కాబట్టి నిటారుగానే పెట్టాలి. నిటారుగా పెడితే కళ్ళకి ఎదురుగా, పైకి పెట్టాలి. అలా పైకి జరిపేసరికి దాని కింద పదంగుళాల ఖాళీ మిగిలింది. బల్ల సరిగ్గా ఆ ఖాళీలోకి మడుచుకుంది. ఒక ఇబ్బందే ఇంకో ఇబ్బందిని తీర్చింది.

బల్ల ఎత్తు 39 అంగుళాలు పెట్టాం. అక్కడి వంటింటి గట్లు 36 ఉంటాయి. నిలబడి మోచెయ్యి మడిస్తే మా చెల్లెలికి సుఖంగా ఉన్న ఎత్తు అది. ఇంట్లో అందరికన్నా పొట్టిది అదే కనుక దాని కొలతే కొలత. పొడుగువాళ్ళు సర్దుకోగలరు, పొట్టివాళ్ళు ఎత్తుపీట వేసుకోవాల్సి వస్తుంది.

కొయ్యకన్నా ముందు అట్ట

జాకెట్టు కుట్టేముందు పేపరు కటింగ్ తీసుకుంటాం కదా. గుడ్డ కోశాక ఏమనుకుని ఏం లాభం? అందుకని ప్లైవుడ్ కోసేముందు పాత టీవీ వచ్చిన అట్టపెట్టెతో అసలు సైజు పెట్టె చేయించి గోడకి అంటించమన్నాను. వారం రోజులుంది. ఆ వారంలో లాండ్రీ బుట్ట వెళ్ళింది, వాక్యూమ్ క్లీనర్ వెళ్ళింది, శనివారం భోజనానికి వచ్చిన నాలుగు కుటుంబాల వాళ్ళూ దాని పక్కనుంచే నడిచారు. తగిలినచోటల్లా అట్ట నలిగింది. ఆ నలిగిన మూలలు రెండూ గుండ్రంగా చేశారు. మెట్ల దగ్గర దీపం స్క్రీన్ మీద మెరుస్తుందని కూడా అప్పుడే తెలిసింది, దానికి డోము మార్చారు.

స్క్రీన్ విషయంలో ఒక చిక్కు తప్పలేదు. పాక్‌మాన్, డాంకీ కాంగ్, సెంటిపీడ్ అన్నీ నిలువు బొమ్మలు. అందుకని సెకండ్‌హ్యాండ్ షాపులో దొరికిన 19 అంగుళాల పాతరకం చదరపు మానిటర్‌ని నిలువుగా తిప్పారు. ఎదురుగా బాగానే ఉంది. ఒక పక్కన నిలబడ్డవాళ్ళకి మాత్రం రంగులన్నీ వెలిసిపోయి కనిపించాయి. చౌకరకం స్క్రీన్లు అడ్డంగా చూడడానికే తయారవుతాయట, నిలువుగా తిప్పితే పక్కచూపు పోతుంది. ఒక్కళ్ళు ఆడేదైతే సర్దుకోవచ్చు. ఇది ఇద్దరు ఆడేది. ఐపీఎస్ అనే రకం స్క్రీన్‌లో ఏ పక్కనుంచైనా ఒకేలా కనిపిస్తుంది. అది కొన్నారు. ఖర్చు ఎక్కువైనా మా చెల్లెలు ఈసారి అడ్డు చెప్పలేదు.

లోపల మెదడు రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్. అరచేతిలో పట్టేస్తుంది. కర్రల నుంచి, బటన్ల నుంచి ఇరవై పైచిలుకు వైర్లొస్తాయి. అవన్నీ మడిచే బల్లలోనే ఒక చిన్న బోర్డుకి కలిపి, బందుల దగ్గర ఒక్క యూఎస్‌బీ వైరు మాత్రం దాటేలా చేశాడు మరిది. ఎన్నిసార్లు మడిచినా నలగకుండా ఆ ఒక్క వైరుకీ కాస్త వదులుంచాడు. వేడి పోవడానికి కిందా పైనా సందులు. ఆటలు పాతవైనా వాటి హక్కులు కంపెనీలవే కాబట్టి కొనుక్కున్నవే వేశారు.

అక్కడి గోడలు మన ఇటుక గోడల్లాంటివి కావు. జిప్సం పలకలు, లోపల 16 అంగుళాలకి ఒక కొయ్య నిట్టాడి. పలకకి మేకు కొడితే ఊడి చేతికొస్తుంది. ఆ కొయ్య ఎక్కడుందో వెతికి దానికే మరలు బిగించాలి. మొత్తం పెట్టె 25 కిలోలు కూడా లేదు గానీ, ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు మనుషులు బల్ల మీద పడిపోతారు. ఆ బరువు కూడా లెక్కలోకి తీసుకుని బల్ల కింద మడిచే ఇనప బ్రాకెట్లు రెండు వేశారు.

నేను తిరిగొచ్చేనాటికి రంగు వెయ్యలేదు, పైన బొమ్మలు అంటించలేదు. ఉత్త ప్లైవుడ్ పెట్టె. మూస్తే గోడ బీరువాలా ఉంటుంది. కింద చెప్పుల స్టాండు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. అబ్బాయి హెడ్‌ఫోన్లు మానెయ్యలేదు. గదిలోకి వెళ్ళడమూ మానలేదు. కానీ రాత్రి భోజనాలయ్యాక నడవాలోంచి ఒక అరగంట తండ్రీకొడుకుల కేకలు వినిపిస్తున్నాయి. మా చెల్లెలు గిన్నెలు సర్దుతూనే స్కోరు అడుగుతోంది. వాళ్ళిద్దరూ పడుకున్నాక తనొక్కతే ఆడుతుందని నాకు తెలుసు, వాళ్ళకి చెప్పలేదు!

మన ఇళ్ళలో చేయించుకునేవారికి

మన వడ్రంగి మేస్త్రికి ఇది కష్టమైన పని కాదు. గోడకి ఇస్త్రీ బల్ల, మడత బల్ల చేసినవాళ్ళు ఎవరైనా చేస్తారు. ఇటుక గోడ కనుక బిగింపు మనకే సులువు, మంచి యాంకర్ బోల్టులు వేయించండి. తడి తగిలే గోడ వద్దు. వర్షాకాలం చెమ్మకి ఎండీఎఫ్ ఉబ్బుతుంది, ప్లైవుడ్ మేలు. కోసేటప్పుడు దుమ్ము లోపలికి పోకుండా ఉత్త గుడ్డ కాకుండా, సన్నదుమ్మును ఆపే మంచి డస్ట్ మాస్కు పెట్టుకోమని మేస్త్రికి చెప్పండి. ప్లగ్గు పాయింటు పెట్టె వెనకే వచ్చేలా ముందే చూసుకోండి. బల్ల వెడల్పు 26 అంగుళాలకి తక్కువైతే ఇద్దరు నిలబడలేరు. అన్నిటికన్నా ముందు అట్టతో చేసి వారం రోజులు గోడకి పెట్టి చూడండి.

పెట్టె లోతు ఎంతైనా తగ్గించుకోవచ్చు. దాని ముందు ఇద్దరు పక్కపక్కన నిలబడే చోటు మాత్రం తగ్గించకండి. మా చెల్లెలింట్లో బల్ల దించితే గోడ నుంచి 17 అంగుళాలు పోయి, నిలబడడానికి 31 అంగుళాలు మిగిలింది. అది చాలింది.